లెనిన్‌కు పియానో వినిపించిన మనిషి

కోదాడ నుంచి సూర్యాపేట వెళ్లే దారిలో మునగాల వస్తుంది. ఒకప్పుడు చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా ఈ పరగణా మాత్రం నిజాంది కాదు. మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందిన భూమి. నిజాం పోలీసులకు అక్కడ అధికారం లేదు. ఇక్కడి జమీందారు నాయని వెంకట రంగారావు దగ్గర కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి వెలిశాయంటే వాటి వెనక ఈ ఇద్దరూ ఉన్నారు. పుస్తకాలకు అంతగా అండగా నిలిచిన ఆ జమీందారు మీదే 1930లలో మునగాల రైతులు తిరగబడ్డారు. 1959లో పరగణా నల్లగొండ జిల్లాలో కలిసింది.

పుస్తకానికీ పోరాటానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న నేల ఇది. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల్లో సాయుధ పోరాటం సాగిన రోజుల్లో కార్యకర్తల చేతుల్లో తిరిగిన పుస్తకాల్లో ముందు చెప్పుకోవలసింది మాక్సిం గోర్కీ ‘అమ్మ’. క్రొవ్విడి లింగరాజు దాన్ని తెలుగు చేశారు. కరివిరాల కొత్తగూడెం ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం తన మీద ఆ నవల వేసిన ముద్ర గురించి ఎన్నోసార్లు చెప్పారు. తర్వాతి కాలంలో విజయవాడ నుంచి విశాలాంధ్ర పుస్తకాల వ్యాన్లు వచ్చేవి. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం తెలుగు విభాగంలో ఉప్పల లక్ష్మణరావు వంటి వాళ్లు కూర్చుని రష్యన్ సాహిత్యాన్ని నేరుగా తెలుగులోకి తెచ్చేవారు. పిల్లలకు లెనిన్, స్టాలిన్ అని పేర్లు పెట్టుకున్న ఇళ్లు ఈ ప్రాంతంలో ఇప్పటికీ కనిపిస్తాయి.

లెనిన్ మీద గోర్కీ రాసిన జ్ఞాపకాలు చదివినవాళ్లకు ఒక సాయంత్రం గుర్తుండే ఉంటుంది. 1920, మాస్కో. గోర్కీ భార్య యెకతెరీనా పేష్కోవా ఇల్లు. లెనిన్ కూర్చుని పియానో మీద బేతోవెన్ సొనాటాలు వింటున్నాడు. ‘అపాసియొనాటా’ అనే సొనాటా అంటే ఆయనకు ప్రాణం. రోజూ విన్నా తనివి తీరదన్నాడు, మనుషులు ఇలాంటి అద్భుతాలు చేయగలరా అని పొంగిపోయాడు. వెంటనే ముఖం మారింది. సంగీతం ఎక్కువగా వింటే మనసు మెత్తబడుతుందని, తమ ముందున్న కాలం అందుకు ఒప్పుకోదని చెప్పాడు. విప్లవకారుడి గుండెలో జరిగే కొట్లాటకు ఇంతకు మించిన దృశ్యం దొరకదని ఎందరో రచయితలు దీన్ని ఎత్తి రాశారు. 1963లో సోవియట్ యూనియన్‌లో దీని మీద సినిమా తీశారు. 2006లో వచ్చిన జర్మన్ చిత్రం ‘ద లైవ్స్ ఆఫ్ అదర్స్’కు బీజం కూడా ఈ మాటల్లోంచే పడిందని దాని దర్శకుడు చెప్పాడు.

ఆ పియానో వాయించినవాడి పేరు గోర్కీ రాశాడు. ఇసాయ్ దొబ్రోవెన్. కథను మళ్లీ చెప్పేవాళ్లలో చాలామంది ఆ పేరు దగ్గర ఆగరు. ఆగితే లెనిన్ కథకు ఏమాత్రం తీసిపోని ఇంకో కథ అక్కడ మొదలవుతుంది. రష్యా విడిచి యూరప్ అంతా, అమెరికా దాకా తిరిగిన ఒక ఆర్కెస్ట్రా కండక్టర్ జీవితం అది. అది చివరికి మన పక్క రాష్ట్రంలోని మైసూరు రాజమహలును తాకి వెళ్తుంది.

దొబ్రోవెన్ 1891లో వోల్గా ఒడ్డున నీజ్నీ నోవ్‌గొరోద్‌లో పుట్టాడు. గోర్కీ పుట్టిన ఊరూ అదే. పుట్టినప్పటి ఇంటిపేరు బరబెయిచిక్. యూదు కుటుంబం. జార్ల రష్యాలో యూదులు ఎక్కడ పడితే అక్కడ కాపురం ఉండటానికి వీల్లేదు. మాస్కో వంటి మహానగరంలో ఉండాలంటే ప్రత్యేకమైన అనుమతులు కావాలి. అలాంటి రోజుల్లో యూదు పిల్లవాడికి సంగీత విద్యాలయం ఒక దారి తెరిచేది. దొబ్రోవెన్ ఊహ తెలిసీ తెలియని వయసులోనే పియానో ముందు కూర్చున్నాడు. మాస్కో కన్సర్వేటరీలో కాన్‌స్తంతీన్ ఇగూమ్నొవ్ దగ్గర పియానో, సెర్గేయ్ తనేయెవ్ దగ్గర స్వరరచన నేర్చుకున్నాడు. తనేయెవ్ చైకోవ్‌స్కీకి శిష్యుడు కాబట్టి ఆ పరంపరకు ఈయన మనవడి వరస. తర్వాత వియన్నా వెళ్లి, పియానో మీద అసాధ్యమనుకున్నవి వాయించి చూపిన లియొపోల్డ్ గొదోవ్‌స్కీ దగ్గర మెరుగులు దిద్దుకున్నాడు. వచ్చాక మాస్కోలో పాఠాలు చెప్పాడు, కచేరీలు చేశాడు, సొంతంగా సొనాటాలు, ఆర్కెస్ట్రా తోడుగా సాగే ఒక పియానో కన్చెర్టో రాశాడు. విప్లవం తర్వాత బొల్షోయ్ థియేటర్‌లో ఆర్కెస్ట్రాను నడిపించే పని దొరికింది. లెనిన్ విన్నది ఈ మలుపులో ఉన్న ముప్పై ఏళ్ల లోపు కుర్రవాడి పియానో.

ఆర్కెస్ట్రా కండక్టర్ చేసే పని మన దగ్గర చాలామందికి వింతగా తోస్తుంది. బుర్రకథలో కథకుడు తంబురా మీటుతాడు, అందెలు మోగిస్తాడు, పాడతాడు, ఆడతాడు. వంతలిద్దరూ గుమ్మెటలతో ఆయన్ను అందుకుంటారు. దళానికి నాయకుడు ఎవరో చెవికే తెలిసిపోతుంది. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో ఎనభై, తొంభై మంది వాయిస్తుంటే వాళ్ల ముందు నిలబడ్డ నాయకుడి నుంచి మాత్రం ఒక్క ధ్వనీ రాదు. చేతిలో సన్నటి కర్ర, ముందు స్వరపత్రం. ఆ పత్రంలో ప్రతి వాద్యానికీ ఒక్కో వరస. ఒకే పేజీలో ఇరవై, ముప్పై వరసలు పైనుంచి కిందకు పేర్చి ఉంటాయి. అన్నింటినీ ఒకేసారి చదవగలగాలి. ఎవరు ఎప్పుడు అందుకోవాలో, ఎవరి ధ్వని పైకి రావాలో, లయ ఎక్కడ కొద్దిగా సాగాలో, ఎక్కడ బిగియాలో ముందే మనసులో తేల్చుకుని, సాధనలో అందరికీ నేర్పి, కచేరీ నాడు చేతితో, చూపుతో గుర్తు చేయాలి. వయొలిన్ విద్వాంసుడికి వయొలిన్ వెంట ఉంటుంది, ఏ ఊళ్లో దిగినా వాయించగలడు. కండక్టర్‌కు తన వాద్యం ఇంకో తొంభై మంది మనుషులు. వాళ్లకు జీతాలిచ్చే సంస్థ ఉండాలి, సాధన చేసే హాలు ఉండాలి, టిక్కెట్టు కొనే ఊరు ఉండాలి. దేశం విడిచిన కండక్టర్ కష్టం మిగతా సంగీతకారుల కష్టం కంటే ఎక్కువని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

బృందవాద్యం మనకు లేనిదని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. భరతుడు నాట్యశాస్త్రంలో వాద్యకారుల సమూహాన్ని కుతపం అన్నాడు, రంగస్థలం మీద నేపథ్యానికి దారితీసే రెండు ద్వారాల నడుమ వాళ్లు కూర్చోవాలని చోటు కూడా చెప్పాడు. పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవ రాజుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో బృందాలను లెక్క కట్టాడు. ఉత్తమ బృందమంటే నలుగురు ముఖ్య గాయకులు, ఎనిమిది మంది సహ గాయకులు, పన్నెండు మంది గాయనులు, నలుగురు వేణువాదకులు, నలుగురు మార్దంగికులు. మొత్తం ముప్పై రెండు మంది. దాదాపు అదే కాలంలో ఇటు కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయప నృత్తరత్నావళి రాస్తున్నాడు, సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో రేచర్ల నాయకులు గుళ్లు కట్టిస్తున్నారు. తర్వాతి శతాబ్దాల్లో మన శాస్త్రీయ సంగీతం ఒక్క విద్వాంసుడి మనోధర్మం చుట్టూ తిరిగింది, బృందం పక్కకు తప్పుకుంది. 1952లో ఆకాశవాణి ఢిల్లీలో వాద్యబృందాన్ని నెలకొల్పినప్పుడు రవిశంకర్, టి.కె. జయరామయ్యర్ దాన్ని నడిపించారు. తర్వాత ఆ సారథ్యం ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రికి వచ్చింది. మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసి, ఢిల్లీ చేరి, దేశంలోని నానా వాద్యాలవాళ్లకు స్వరాలు రాసిచ్చి నడిపించిన తెలుగువాడాయన. బృందం కోసం ఊరు విడవాల్సి రావడం రష్యన్లకే పరిమితం కాదు.

దొబ్రోవెన్ రష్యాను 1920ల మొదట్లో విడిచాడు. అంతర్యుద్ధం, కరువు, కట్టెల్లేక చల్లబడిపోయిన హాళ్లు. అప్పటికే రహ్మానినొవ్ వెళ్లిపోయాడు, స్ట్రవిన్‌స్కీ స్విట్జర్లాండ్ నుంచి తిరిగి రాలేదు, గాయకుడు షల్యాపిన్ 1922లో వెళ్లాడు. లక్షలమంది రష్యన్లు పారిస్, బెర్లిన్, ప్రాగ్, షాంఘై వీధుల్లో పడ్డారు. ఏ దేశమూ తమవాళ్లని ఒప్పుకోని వీళ్ల కోసమే నార్వే దేశస్థుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1922లో ఒక ప్రత్యేక ప్రయాణపత్రం పుట్టించాడు. నాన్సెన్ పాస్‌పోర్ట్ అన్నారు దాన్ని.

దొబ్రోవెన్ మొదట దిగింది జర్మనీలోని డ్రెస్డెన్‌లో. అక్కడి ఒపేరా అధిపతి ఫ్రిట్స్ బుష్‌తో కలిసి ముసోర్గ్‌స్కీ ‘బోరిస్ గొదునోవ్’ను జర్మన్ ప్రేక్షకుల ముందుకు తెచ్చాడు. ఒక జార్ రాజు అధికారం కోసం పసివాడి ప్రాణం తీయించి, ఆ పాపభారంతోనే కుంగి చనిపోయే కథ అది. అందులో జనసమూహానిది కూడా ముఖ్యపాత్రే. రష్యన్ జనం ఎలా అరుస్తారో, ఎలా మోకరిల్లుతారో, ఎలా తిరగబడతారో కళ్లారా చూసివచ్చినవాడు ఆ నాటకాన్ని చేయించాడు. దొబ్రోవెన్‌కు ఇంకో విద్య ఉందని అక్కడ బయటపడింది. వేదిక మీద నటన, నడక, వెలుగు కూడా ఆయనే తీర్చగలడు. ఆర్కెస్ట్రా గోతిలో నిలబడే మనిషి రంగస్థల దర్శకత్వం కూడా చేయడం అరుదు. తర్వాత ఏ దేశంలో ఒపేరా వాళ్లు పిలిచినా ఈ రెండు పనుల కోసమే పిలిచారు.

బెర్లిన్‌లో కొన్నాళ్లు. బల్గేరియా రాజధాని సోఫియాలో ఒక ఏడాది. 1927 నుంచి 1931 దాకా నార్వేలో ఓస్లో ఫిల్‌హార్మోనిక్‌కు ముఖ్య కండక్టర్. ఆ దేశ పౌరసత్వమే తీసుకున్నాడు. నీజ్నీ నోవ్‌గొరోద్ యూదుడికి చట్టప్రకారం ఒక దేశం దొరికింది.

అమెరికా అధ్యాయం చిన్నది, చేదైనది. 1930లో శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీ ఇంగ్లండుకు చెందిన బేసిల్ కామెరన్‌నూ దొబ్రోవెన్‌నూ ఇద్దరినీ పిలిచి బాధ్యత పంచింది. కామెరన్ రెండేళ్లకు తప్పుకున్నాడు, దొబ్రోవెన్ 1934 దాకా నిలిచాడు. అది ఆర్థిక మాంద్యపు కాలం. బ్యాంకులు మూతపడుతుంటే వయొలిన్లకు విరాళాలు ఎవరిస్తారు? 1932లో నగరం గొప్ప ఒపేరా హౌస్ తెరిచింది, కానీ ఆర్కెస్ట్రా ఖజానా ఖాళీ. 1934-35లో కచేరీలే ఆగిపోయాయి. 1935లో ఓటర్లు నగరపు పన్నులోంచి కొంత సంగీతానికివ్వడానికి ఒప్పుకున్నాకే ఆర్కెస్ట్రా మళ్లీ లేచింది. అప్పటికి దొబ్రోవెన్ వెళ్లిపోయాడు, పేరంతా తర్వాత వచ్చిన ప్యెర్ మొంతోకు దక్కింది. కష్టకాలంలో సంస్థను మోసినవాణ్ని చరిత్ర రెండు వాక్యాల్లో ముగించడం అన్యాయం. ఆ ఒపేరా హౌస్‌కే 1945లో ఐక్యరాజ్యసమితి స్థాపక సమావేశం వచ్చింది. భారత ప్రతినిధి బృందానికి నాయకత్వం వహించింది కర్నూలులో పుట్టిన ఆర్కాటు రామస్వామి మొదలియార్. మరుసటి ఏడాది ఆయన మైసూరు దివాను అయ్యాడు. ఆ మైసూరు దగ్గరికే ఈ కథ కాసేపట్లో వస్తుంది.

దొబ్రోవెన్ అమెరికా నుంచి తిరిగి వచ్చేసరికి హిట్లర్ జర్మనీ తలుపులు మూసేసింది. యూదు కండక్టర్లను ఒక్కొక్కరినే వేదిక దించేశారు, యూదుడు కాని ఫ్రిట్స్ బుష్ కూడా నాజీలకు నచ్చక డ్రెస్డెన్ వదిలాడు. 1936లో దొబ్రోవెన్‌కు బుడాపెస్ట్ ఒపేరాలో చోటు దొరికింది. మూడేళ్లలో హంగరీలోనూ యూదు వ్యతిరేక చట్టాలు వచ్చాయి. నార్వేకు పోదామంటే 1940 ఏప్రిల్ 9న జర్మన్ సైన్యం అక్కడ దిగింది. 1942లో నార్వే యూదులను ఓడలెక్కించి ఆష్విట్స్‌కు పంపారు. ఆయన అప్పటికే తటస్థ స్వీడన్ చేరాడు కాబట్టి బతికాడు. గోథెన్‌బర్గ్ సింఫనీకి 1941 నుంచి ముఖ్య కండక్టర్. యుద్ధకాలంలో స్టాక్‌హోమ్ రాజ ఒపేరాలోనూ పనిచేశాడు. గోథెన్‌బర్గ్ పదవి చివరిదాకా ఆయనదే. ఆయన తర్వాత ఆ చోటికి వచ్చిన డీన్ డిక్సన్ అమెరికా నల్లజాతి కండక్టర్, రంగు చూసి సొంత దేశం ఆర్కెస్ట్రా ఇవ్వకపోతే 1949లో యూరప్ వచ్చినవాడు. ఒకే ఆర్కెస్ట్రా ముందు ఒక ప్రవాసి స్థానంలో ఇంకో ప్రవాసి నిలబడ్డాడు.

1946 వేసవి. జులై 4న నల్లగొండ జిల్లా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య బలయ్యాడు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా రైతు సంఘాలు కర్రలు, వడిసెలలు పట్టాయి. ఆరు వారాలకు, ఆగస్టులో, లండన్ ఆబీరోడ్ స్టూడియోలో దొబ్రోవెన్ ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రా ముందు నిలబడి ఫ్రెంచ్ వయొలిన్ విద్వాంసురాలు జినెట్ నవూతో బ్రామ్స్ వయొలిన్ కన్చెర్టో రికార్డు చేయించాడు. రెండు ఘటనలకూ ఏ సంబంధమూ లేదు, ఒక్క కాలం తప్ప. యుద్ధం ముగిసి ఏడాదైంది. తెలంగాణలో అణగినవాళ్లు లేస్తున్న రోజుల్లోనే, యుద్ధం మిగిల్చిన సంగీతకారులు యూరప్‌లో మళ్లీ వాద్యాలు అందుకుంటున్నారు. నవూ 1949 అక్టోబర్‌లో విమాన ప్రమాదంలో ముప్పై ఏళ్లకే పోయింది. ఆమె వదిలి వెళ్లిన కొద్ది రికార్డుల్లో ఇదొకటి.

ఫిల్‌హార్మోనియాను 1945లో వాల్టర్ లెగ్ అనే రికార్డుల నిర్మాత స్థాపించాడు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన మేటి వాద్యకారులను ఏరి పోగుచేశాడు. దొబ్రోవెన్ వాళ్లతో పియానో విద్వాంసులు ష్నాబెల్‌కు బేతోవెన్ నాలుగో పియానో కన్చెర్టో, సొలొమన్‌కు బ్రామ్స్, చైకోవ్‌స్కీ కన్చెర్టోలు వాయింపజేశాడు. తానూ పియానో విద్వాంసుడు కాబట్టి ముందుండి వాయించే సొలోయిస్టు వేళ్లు ఎటు పోతాయో ముందే తెలిసేది. అలాంటి తోడు కావాలనే పెద్ద పెద్ద విద్వాంసులు ఆయన్ను కోరుకున్నారు.

ఇలాంటి ఆర్కెస్ట్రాకు డబ్బు ఎక్కడిది? ఇక్కడే మైసూరు వస్తుంది.

జయచామరాజ ఒడెయర్ 1940లో గద్దెనెక్కాడు. ఇరవయ్యొక్క ఏళ్లు. మంచి పియానో వాద్యకారుడు. 1945లో లండన్ ట్రినిటీ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ గౌరవ ఫెలోషిప్ ఇచ్చింది. రహ్మానినొవ్ దగ్గర నేర్చుకోవాలని ఉండేదట, రాజ్యభారం మీద పడటంతో ఆ ఆశ తీరలేదు. కర్ణాటక సంగీతంలో ఆయన గురువు మైసూరు వాసుదేవాచార్య. త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పట్నం సుబ్రహ్మణ్యయ్యర్ దగ్గర చదువుకున్నవాడు, తెలుగులోనూ సంస్కృతంలోనూ కృతులల్లిన వాగ్గేయకారుడు. కన్నడ రాజమహలులో తెలుగు కృతి ఎంత సహజంగా ఉండేదో చెప్పడానికి వాసుదేవాచార్య జీవితమే సాక్ష్యం. శిష్యుడు శ్రీవిద్యా ముద్రతో తొంభై నాలుగు సంస్కృత కృతులు రచించాడు. ఒక చెవిలో త్యాగరాజ సంప్రదాయం, ఇంకో చెవిలో రష్యన్ పియానో. రెంటినీ నిజంగా ప్రేమించినవాడు.

మహారాజుకు వేల గ్రామఫోన్ రికార్డులుండేవి. అందులో ఒక లోటు కనిపించింది. నికొలాయ్ మెట్‌నర్ రచనలు దొరకడం లేదు. మెట్‌నర్ 1880లో మాస్కోలో పుట్టి, 1921లో రష్యా విడిచి, 1930ల మధ్య నుంచి లండన్‌లో ఒక చిన్న ఇంట్లో పేదగా బతుకుతున్న స్వరకర్త. రహ్మానినొవ్‌కు ఆప్తమిత్రుడు. మెట్‌నర్ తన రెండో కన్చెర్టోను రహ్మానినొవ్‌కు అంకితమిస్తే, రహ్మానినొవ్ తన నాలుగోదాన్ని మెట్‌నర్‌కు ఇచ్చాడు. లోకం మాత్రం మెట్‌నర్‌ను పట్టించుకోలేదు. మైసూరు మహారాజు డబ్బుతో మెట్‌నర్ సొసైటీ ఏర్పడింది. హెచ్‌ఎంవీ కంపెనీ స్వరకర్త చేతనే వాయింపజేసి రికార్డులు తేవాలని ఒప్పందం.

1947లో మెట్‌నర్‌కు అరవై ఏడేళ్లు, గుండెజబ్బు. ఆయన వాయించిన మూడు కన్చెర్టోల్లో మొదటిదానికి జార్జ్ వెల్డన్, రెండో మూడో వాటికి దొబ్రోవెన్ ఆర్కెస్ట్రా నడిపించారు. మూడోది మైసూరు మహారాజుకే అంకితం. ఆ గదిలో ఏం జరిగిందో ఊహించాలంటే అప్పటి రికార్డింగు పద్ధతి తెలియాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పెద్ద పళ్లెం ఒక వైపు నాలుగు నిమిషాలు, ఇంకొంచెం పట్టేది. అరగంట దాటిన రచనను ముక్కలు కోసి, ఒక్కో ముక్క ఒక్కో మైనపు పళ్లెం మీద ఏకధాటిగా వాయించాలి. చివర్లో ఒక్క స్వరం తప్పినా ఆ ముక్క మొత్తం మళ్లీ మొదటి నుంచి. అతికించడం, కత్తిరించడం లేవు. ముక్క ఎక్కడ ఆగాలో, మళ్లీ అందుకున్నప్పుడు లయ ఒక్క వెంట్రుక కూడా మారకుండా ఎలా పట్టుకోవాలో చూసే బాధ్యత కండక్టర్‌ది. ముసలి స్వరకర్త ఓపిక తరిగిపోతుంటే, మాస్కో కన్సర్వేటరీ గాలే పీల్చిన ఇంకో ప్రవాసి పక్కన నిలబడి తొందరపెట్టకుండా, జారనివ్వకుండా నడిపించాడు. ఆ రికార్డులు ఈనాడు వింటే అది తెలుస్తుంది. పియానో ఆలోచనలో పడి నెమ్మదిస్తే ఆర్కెస్ట్రా ఆగి చూస్తుంది.

మహారాజు సాయం అంతటితో ఆగలేదు. ఫిల్‌హార్మోనియా నిలదొక్కుకోవడానికి మూడేళ్ల పాటు ఏడాదికి పదివేల పౌండ్ల సాయం అందిందని లెగ్ చెప్పుకున్నాడు. ఫిల్‌హార్మోనియా కన్సర్ట్ సొసైటీకి మొదటి అధ్యక్షుడు మహారాజే. 1950 మే 22న లండన్ ఆల్బర్ట్ హాల్లో రిచర్డ్ స్ట్రాస్ చివరి నాలుగు పాటలు తొలిసారి వినిపించాయంటే దాని వెనకా మైసూరు హామీ ఉంది.

ఈ డబ్బు ఎవరిదన్న ప్రశ్న అడగకుండా వదలడం సరికాదు. అది మైసూరు రైతు కట్టిన శిస్తు కూడా. మెట్‌నర్ రికార్డులు తయారైన 1947లోనే బాధ్యతాయుత ప్రభుత్వం కోసం ‘మైసూరు చలో’ ఉద్యమం లేచింది, అక్టోబర్‌లో చెంగలరాయ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ రాజు ఆగస్టులోనే భారతదేశంలో చేరడానికి సంతకం పెట్టాడు, తర్వాత రాజప్రముఖ్‌గా, గవర్నర్‌గా పనిచేశాడు. హైదరాబాదు నిజాం లొంగింది 1948 సెప్టెంబర్ 17న, అదీ సైన్యం వచ్చాక. రెండు సంస్థానాలు, రెండు దారులు. నల్లగొండ జిల్లాలో గడీల కింద నలిగిన మనిషికి రాజుల రసికత ఒక ఊరట కాదు. అయినా ఆనాడు ఆ సాయం లేకపోతే మెట్‌నర్ సొంత చేతి వాయింపులో ఇంత భాగం లోకానికి మిగిలేది కాదు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. 1951 నవంబర్‌లో మెట్‌నర్ కన్నుమూశాడు.

దొబ్రోవెన్ చివరి ఏళ్లలో మిలాన్ లా స్కాలాలో రష్యన్ ఒపేరాలు చేయించాడు. 1952 వేసవిలో పారిస్‌లో తన జీవితమంతా వెంట వచ్చిన ‘బోరిస్ గొదునోవ్’ను పూర్తిగా రికార్డు చేశాడు. బోరిస్ పాత్రకు బల్గేరియన్ గాయకుడు బోరిస్ క్రిస్టోవ్. ఆయన ఒక్కడే రాజు, ముసలి సన్యాసి పీమెన్, తాగుబోతు భిక్షువు వర్లామ్, మూడు పాత్రలూ పాడాడు. దొబ్రోవెన్ సోఫియాలో పనిచేసిన రోజుల్లో క్రిస్టోవ్ బళ్లో చదివే పిల్లవాడు. దొంగ వారసుడి పాత్రకు స్టాక్‌హోమ్‌లో అప్పుడే వేదికెక్కిన ఇరవయ్యేడేళ్ల నికొలాయ్ గెద్దా. ఆయన్ను పెంచిన తండ్రి కూడా ప్రవాసి రష్యన్ గాయకుడే. జనఘోష పాడింది పారిస్‌లోని రష్యన్ గాయకబృందం. ఆ జనంలో దేశం పోగొట్టుకున్నవాళ్ల గొంతులున్నాయి. ఎవరినీ నటించమని అడగనక్కర్లేకపోయింది. తర్వాత ధ్వని నాణ్యతలో దీన్ని మించిన రికార్డులు చాలా వచ్చాయి. ఆ గుంపు పాటలోని ఆకలి వాటిలో తక్కువ.

1953 డిసెంబర్ 9న ఓస్లోలో దొబ్రోవెన్ చనిపోయాడు. అరవై రెండేళ్లు.

ఇంత చేసినవాడి పేరు ఎందుకు మరుగున పడింది? ఆయనకంటే పదిహేడేళ్లు పెద్దవాడైన సెర్గేయ్ కుసెవిట్‌స్కీతో పోల్చి చూస్తే అర్థమవుతుంది. అతనూ రష్యన్ యూదుడే, 1920లో దేశం విడిచినవాడే. కానీ 1924 నుంచి 1949 దాకా పాతికేళ్లు ఒక్క బోస్టన్ ఆర్కెస్ట్రానే పట్టుకున్నాడు. టాంగిల్‌వుడ్‌లో సంగీత పాఠశాల పెట్టాడు, బెర్న్‌స్టీన్ వంటి శిష్యులను తీర్చాడు, బార్తోక్ వంటివాళ్లకు డబ్బిచ్చి కొత్త రచనలు రాయించాడు. సంస్థ ఉంది కాబట్టి పేరు నిలిచింది. దొబ్రోవెన్‌కు ఆ పాతికేళ్లు ఏ ఊరూ ఒక్కచోట ఇవ్వలేదు. ఒక చోట డబ్బు అడుగంటింది, ఒక చోట చట్టం తరిమింది, ఒక చోట సైన్యం వచ్చింది. ఆయన రికార్డుల్లో చాలావాటి మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది సొలోయిస్టు పేరు. సంగీత చరిత్ర కండక్టర్లను వాళ్ల ఊళ్లతో కలిపి గుర్తు పెట్టుకుంటుంది. ఊరు లేనివాడికి అధ్యాయం దొరకలేదు.

ఇప్పుడు ఆ రికార్డులు వినడానికి రాజమహలు అవసరం లేదు. జినెట్ నవూ బ్రామ్స్, మెట్‌నర్ రెండో మూడో కన్చెర్టోలు, 1952 నాటి ‘బోరిస్ గొదునోవ్’ మూడూ కొత్తగా శుభ్రపరిచి సీడీల మీద వచ్చాయి. పాశ్చాత్య సంగీతం ఎన్నడూ విననివాళ్లు బ్రామ్స్ కన్చెర్టో రెండో భాగంతో మొదలుపెట్టవచ్చు. మొదట సన్నాయికి దూరపు చుట్టమైన ఓబో చాలాసేపు పాడుతుంది, వయొలిన్ ఓపికగా వింటూ ఉండి తర్వాత అందుకుంటుంది. కచేరీల్లో సన్నాయి విన్న చెవికి అది కొత్తగా ఉండదు. తర్వాత మెట్‌నర్‌కు వెళ్లండి. విన్నవాళ్లు రికార్డు అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే కండక్టర్ పేరు కూడా చదవండి, పిల్లలకు చెప్పండి.